చాట్‌లో మంచివాడు: ఆన్‌లైన్ స్నేహాల మీద వచ్చిన టీనేజ్ నవలలు

ఇంగ్లీషులో టీనేజర్ల కోసం రాసే నవలల్లో గత ఇరవై ఏళ్లుగా ఒకే కథ మళ్లీ మళ్లీ వస్తోంది. పద్నాలుగేళ్ల అమ్మాయి, కొత్త స్కూలు, దూరమైపోతున్న స్నేహితురాలు, ఎప్పుడూ ఆఫీసు పనిలో ఉండే తండ్రి. రాత్రి పదకొండింటికి ఎవడో ఒకడు చాట్‌లో పలకరిస్తాడు. ఇంట్లో ఎవరూ విననంత శ్రద్ధగా ఆమె మాటలు వింటాడు. పుస్తకం ముప్పావు వంతు అయ్యాక వాడు చెప్పుకున్నవాడు కాదని బయటపడుతుంది. పోలీసులు వస్తారు, అమ్మానాన్నలు ఏడుస్తారు, ఫోన్ లాగేసుకుంటారు. చివరి పేజీలో హెల్ప్‌లైన్ నంబర్లు ఉంటాయి.

ఈ మూసలో వచ్చిన పుస్తకాలు చాలావరకు కథ వేషం వేసుకున్న హెచ్చరిక బోర్డులే. పెద్దవాళ్లు కొనిస్తారు, పిల్లలు రెండు చాప్టర్లు చదివి పక్కన పడేస్తారు. వాటి మధ్య కొన్ని మాత్రం నిజంగా పట్టుకుంటాయి. మోసగాడు ఎంత భయంకరుడో బాగా వర్ణించినందువల్ల ఆ పట్టు రాదు. వాడి మాటలకు పాఠకుడు కూడా కొన్ని పేజీల పాటు పడిపోతే వస్తుంది. మొదటి మెసేజ్‌కే ‘వీడు దొంగ’ అని పాఠకుడికి తెలిసిపోయిందనుకోండి, ఆ అమ్మాయి తెలివితక్కువదిగా కనిపిస్తుంది. ‘నేనైతే ఇలా పడను’ అనుకుంటూ చదివే పదిహేనేళ్ల పిల్లకు ఆ పుస్తకం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా లేని ధైర్యం ఒకటి వస్తుంది.

ఈ విద్య తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశాన్ని చూడండి. శిష్యుడు వెంకటేశాన్ని వెంటబెట్టుకుని అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో అడుగుపెడతాడు. ముందు తమ్ముణ్ని గుప్పిట్లో పెట్టుకుంటాడు. తరవాత వితంతు వివాహం గురించి, లోకం గురించి కబుర్లు చెప్పి వెంకటేశం అక్క, చిన్నప్పుడే వితంతువైన బుచ్చమ్మను తన వైపు తిప్పుకుంటాడు. చెప్పే మాటలన్నీ సంస్కరణ మాటలే, వాటిలో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. వాడు గొప్పలు కోస్తుంటే ప్రేక్షకులు పడీపడీ నవ్వుతారు. వాణ్ని చూసి ముచ్చటపడకుండా ఉండటం కష్టం, అందుకే బుచ్చమ్మ నమ్మింది అంటే మనమూ నమ్ముతాం. 1897లో అచ్చయిన నాటకం సాధించిన ఈ పని, పిల్లల్ని కాపాడాలని కంకణం కట్టుకుని రాసిన చాలా నవలలకు ఇవాళ్టికీ చేతకావడం లేదు.

మూస కథలోని అసలు లోపం దాని మలుపులోనే ఉంది. ‘పదహారేళ్ల కుర్రాడనుకుంటే తీరా చూస్తే నలభై ఏళ్ల మగాడు’ అన్న మలుపు అది. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీ పరిశోధకులు 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంటర్నెట్ పరిచయంతో మొదలై, పిల్లలపై లైంగిక నేరాలుగా పోలీసుల దాకా వచ్చిన 129 కేసులను అందులో పరిశీలించారు. బాధితుల్లో 76 శాతం మంది 13 నుంచి 15 ఏళ్ల వయసువాళ్లు. ఇక్కడిదాకా నవలలు చెప్పేదీ అదే. కానీ తామూ టీనేజర్లమేనని అబద్ధమాడిన నేరస్తులు 5 శాతమే. ఎక్కువమంది పిల్లలకు అవతల ఉన్నది పెద్దవాడని తెలుసు. అతని ఉద్దేశం ఏమిటో కూడా చాలామందికి తెలుసు. తెలిసే కలవడానికి వెళ్లారు. వెళ్లినవాళ్లలో ఇంచుమించు నాలుగింట మూడొంతుల మంది ఒక్కసారితో ఆగలేదు. బాధితుల్లో దాదాపు సగం మంది అతనితో ప్రేమలోనో, గట్టి అనుబంధంలోనో ఉన్నట్టు కేసు వివరాల్లో తేలింది.

ఆ కేసులు చాట్‌రూమ్‌ల కాలం నాటివి. అప్పటి ఇంటర్నెట్‌కూ ఇప్పటిదానికీ పోలికే లేదు. అయినా రచయితలకు అందులో గట్టి పాఠం ఉంది. ఎక్కువ కేసుల్లో జరిగింది ఎత్తుకుపోవడం కాదు, ఇష్టం పుట్టించి తన కాళ్ల మీదే నడిచి వచ్చేలా చేసుకోవడం. నవల మాత్రం ముసుగు తొలగించే సీన్ మీదే బలమంతా పెడుతుంది. అది చదివిన అమ్మాయి ఏమనుకుంటుంది? ‘నాతో మాట్లాడేవాడు వయసు నిజంగానే చెప్పాడు. వీడియో కాల్‌లో మొహం చూశాను. ఇన్‌స్టాలో వాళ్ల చెల్లి ఫొటో కూడా ఉంది. కాబట్టి వీడు ఆ పుస్తకంలో వాడిలాంటివాడు కాడు.’ అరుదైన ప్రమాదానికి కాపలా పెట్టి, మామూలుగా జరిగేదానికి తలుపు తెరిచి పెట్టడమంటే ఇదే.

సారా డేరర్ లిట్‌మన్ అనే అమెరికన్ రచయిత్రి 2011లో రాసిన ‘వాంట్ టు గో ప్రైవేట్?’ ఈ పొరపాటు చేయదు. పద్నాలుగేళ్ల ఆబీ హైస్కూల్లో కొత్తగా చేరుతుంది. ప్రాణస్నేహితురాలికి కొత్త స్నేహాలు దొరుకుతాయి, ఈమె ఒంటరవుతుంది. టీనేజర్ల చాట్ సైట్‌లో లూక్ పరిచయమవుతాడు. తన ఈడు కుర్రాడు కాడని ఆబీకి తెలుసు. పెద్దవాడు కావడమే ఆమెకు ఆకర్షణ కూడా. క్లాసులో అబ్బాయిలకు లేని ఓపిక ఇతనికుంది.

ఈ నవల కథనాన్ని మూడు భాగాలుగా విడదీసింది. మొదటి భాగం ఆబీ గొంతు. ఆమె మాయమయ్యాక కథ చెల్లెలి చేతికీ, స్నేహితురాలి చేతికీ, ఆమెను ఇష్టపడిన క్లాస్‌మేట్ చేతికీ వెళుతుంది. ఆమె తిరిగొచ్చాక మూడో భాగం మళ్లీ ఆమెదే. చాలామంది రచయితలు అమ్మాయి దొరకగానే పుస్తకం ముగించేస్తారు. లిట్‌మన్ అక్కడ ఆగలేదు, పుస్తకం ఎక్కువ బాధపెట్టేది కూడా ఆ తరవాతి భాగంలోనే. పోలీసులకు ఆమె సాక్ష్యం కావాలి. ఆమె మనసు మాత్రం ఇంకా అతని వైపే లాగుతుంటుంది. అతని వలలో పడింది తానొక్కతే కాదని తెలిశాక గాని ఆ మత్తు దిగదు. స్కూల్లో తిరిగి మొహం చూపించడం, ఇంట్లో అందరూ తన చుట్టూ పిల్లిలా నడవడం, చెల్లెలికి తన మీద కోపం రావడం, ఇవన్నీ హెచ్చరిక బోర్డుల మీద ఉండవు. ఇలాంటి అనుభవంలో చిక్కుకున్న పిల్ల పుస్తకం తెరిచేది వీటి కోసమే.

ఇష్టం పుట్టించే పని ఎంత మామూలు మాటలతో జరుగుతుందో తెలుగులో పెట్టి చూస్తే బాగా తెలుస్తుంది. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి పెట్టిన డ్యాన్స్ రీల్ కింద మొదలైన చాట్ ఒకటి ఊహించుకోవచ్చు.

మొదటి వారం.
‘మీ రీల్ చాలా బాగుందండి.’
‘థాంక్స్ అన్నా.’
‘తిన్నారా?’
‘ఆ, తిన్నా అన్నా. మీరు?’

రెండో వారం.
‘అన్నా అనకు ప్లీజ్. ఏదోలా ఉంటుంది. ఫ్రెండ్ అనుకో చాలు.’
‘సరే అండీ.’
‘అండీ కూడా వద్దు బాబూ.’

మూడో వారం.
‘ఏంటి డల్‌గా ఉన్నావ్? మీ అమ్మ మళ్లీ మార్కుల గురించి మొదలుపెట్టిందా?’
‘అవును. మా పిన్ని కూతురితో పోల్చింది.’
‘వాళ్లకి నువ్వు అర్థం కావు. నీ వయసు వాళ్లలా కాదు నువ్వు. చాలా మెచ్యూర్డ్.’

నాలుగో వారం.
‘మన చాట్ ఎవరికైనా చూపించావా?’
‘లేదు.’
‘నా మీద నమ్మకం ఉంటే డిలీట్ చేసెయ్. ఊరికే అడుగుతున్నా.’

ఇందులో ఒక్క బూతు మాట లేదు. మొదటి మూడు వారాల చాట్ తల్లి చేతికి దొరికినా పెద్దగా తిట్టడానికి ఏమీ కనిపించదు. అయినా ప్రతి వరుసా ఒక పని చేసి వెళ్లింది. తెలియని మగాడితో మాట్లాడాల్సి వస్తే తెలుగు అమ్మాయి మొదట పట్టుకునేది ‘అన్నా’ అనే పిలుపునే, అదే ఆమె గీసుకున్న గీత. వాడు ముందుగా చెరిపేసింది దాన్నే. ఆ తరవాత మీరు పోయి నువ్వు వచ్చింది, అదీ ఆమె అడిగినట్టుగా కాదు, వాడు బతిమాలినట్టుగా. మూడో వారానికి అమ్మ అవతలి పక్షంలో నిలబడింది. నాలుగో వారానికి రహస్యం నమ్మకానికి పరీక్షగా మారింది. ఫొటో అడిగేది అయిదో వారంలో. అప్పటికి కాదనడం ఆమెకు మర్యాద తప్పినట్టనిపిస్తుంది. ‘ఇన్ని రోజులు నీకోసం కూర్చుంటే ఇంతేనా?’ అన్న మాట ఒక్కటి చాలు.

మంచి నవలా రచయిత ఈ అయిదు వారాలకు వంద పేజీలైనా ఇస్తాడు. చెడ్డ రచయిత మూడు పేజీల్లో దాటేసి ఫొటో దగ్గరికి పరిగెత్తుతాడు.

అవతల ఉన్నది అపరిచితుడే కానక్కర్లేదు. అసలు ఎక్కువ దెబ్బ తెలిసినవాళ్ల నుంచే రావచ్చు. 2006లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో జరిగిన సంఘటన ఈ తరహా కథలన్నిటికీ నీడలా ఉంది. పదమూడేళ్ల అమ్మాయికి అప్పటి సోషల్ మీడియా సైటు మైస్పేస్‌లో ఒక అందమైన కుర్రాడు పరిచయమయ్యాడు. కొన్ని వారాలు తీపి కబుర్లు చెప్పి, ఒకరోజు ఉన్నట్టుండి తిట్టడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి ప్రాణాలు తీసుకుంది. తరవాత తేలిందేమిటంటే ఆ కుర్రాడే లేడు. అదే వీధిలో ఉండే పాత స్నేహితురాలి ఇంట్లోవాళ్లు నడిపిన ఫేక్ ప్రొఫైల్ అది, స్నేహితురాలి తల్లికి కూడా అందులో పాత్ర ఉంది. సరిపోయే చట్టం లేక, మైస్పేస్ నిబంధనలు ఉల్లంఘించారంటూ కంప్యూటర్ హ్యాకింగ్ చట్టం కింద ఆ తల్లి మీద ఫెడరల్ కేసు నడిపారు. 2008లో జ్యూరీ చిన్నపాటి నేరాల కింద దోషి అంది. 2009లో జడ్జి దాన్ని కొట్టేశారు. సైట్ నిబంధనలు పాటించకపోవడం నేరమైతే ఇంటర్నెట్ వాడే ప్రతివాడూ నేరస్తుడే అవుతాడన్నది అక్కడి చిక్కు. మిస్సోరి మాత్రం 2008లోనే తన వేధింపుల చట్టాన్ని ఆన్‌లైన్‌కూ వర్తించేలా మార్చుకుంది.

లిట్‌మన్ 2015 నవల ‘బ్యాక్‌లాష్’లో ఈ కేసు ఛాయ స్పష్టంగా ఉంది. లారాకు ఆన్‌లైన్‌లో క్రిస్టియన్ అనే అబ్బాయి దగ్గరవుతాడు, తరవాత నలుగురూ చూసేచోట ఆమెను అవమానిస్తాడు. ఆమె ఆత్మహత్యకు ప్రయత్నించి బతుకుతుంది. క్రిస్టియన్‌ను సృష్టించింది పక్కింటి బ్రీ, ఒకప్పటి ప్రాణస్నేహితురాలు. విషయం తెలిసిన బ్రీ తల్లి ఆపకపోగా తానూ ఓ చేయి వేస్తుంది. లారా, ఆమె చెల్లెలు, బ్రీ, బ్రీ తమ్ముడు, ఈ నలుగురూ వంతులవారీగా కథ చెబుతారు. నిజ జీవితంలో పోయిన పిల్లను నవలలో బతికించడం కొందరికి మెత్తదనంగా అనిపించవచ్చు. కానీ దానివల్ల రచయిత్రికి దొరికింది పెద్దదే. బతికున్న లారా ఎదుట బ్రీ నిలబడాల్సి వస్తుంది. చనిపోయిన పాత్రకు ఎవరినీ ఏమీ అడిగే వీలుండదు. రెండిళ్ల చిన్నపిల్లలూ అక్కలు చేసిన, పడిన దానికి స్కూల్లో మోయాల్సిన బరువు కూడా ఇందులో కనిపిస్తుంది. బ్రీ చెప్పే భాగాలు చదువుతుంటే ఆమె రాక్షసిలా కాక చిన్న అసూయను పెద్ద అబద్ధంగా పెంచుకుంటూ పోయిన మామూలు పిల్లలా కనిపిస్తుంది. ఆపడానికి ఆమెకు దొరికిన సందులన్నీ పాఠకుడికి కనిపిస్తుంటాయి, ఆమెకే కనిపించవు.

మోసం చేసేవాడి వైపు నుంచి పూర్తిగా చెప్పిన నవల ఒకటుంది. ఎరిన్ జేడ్ లాంజ్ 2012లో రాసిన ‘బటర్’. విపరీతమైన లావు ఉన్న కుర్రాడు, శాక్సోఫోన్ బాగా వాయిస్తాడు, స్కూల్లో ఒంటరి. ఆన్‌లైన్‌లో మాత్రం తనొక అందగాడైన ఆటగాడినని చెప్పుకుని క్లాసులోని ఆనాతో రాత్రిళ్లు మాట్లాడుతుంటాడు. ఒకరోజు అవమానం భరించలేక, కొత్త సంవత్సరం ముందు రాత్రి కెమెరా ముందు కూర్చుని చనిపోయేదాకా తింటానని వెబ్‌సైట్‌లో ప్రకటిస్తాడు. అతను ఊహించనిది అప్పుడు జరుగుతుంది. ఇన్నాళ్లు పట్టించుకోని క్లాస్‌మేట్లు అతన్ని తమ గుంపులో కలుపుకుంటారు, పార్టీలకు పిలుస్తారు, ఏమేం తినాలో పందేలు కాస్తారు. ఈ పుస్తకంలో ప్రమాదం ఒక దుర్మార్గుడి దగ్గర లేదు. చూస్తూ ఉన్న అందరి దగ్గరా కొంచెం కొంచెం ఉంది. ఫేక్ ఐడీ వెనక ఉండేవాడు ఎప్పుడూ వేటగాడే కానక్కర్లేదనీ, అయినా అవతలివాళ్లకు తగిలే దెబ్బ మాత్రం నిజమైనదేననీ ఈ ఒక్క పాత్రతో రచయిత్రి రెండూ చెప్పింది. ఈ కోవలో వచ్చినవాటిలో సాహిత్యంగా అన్నిటికంటే నిలబడేది ఇదేననవచ్చు.

లారెన్ మిరాకిల్ 2004లో తెచ్చిన ‘టీటీవైఎల్’ (‘తరవాత మాట్లాడతా’ అనే ఇంగ్లీషు మాటకు చాట్‌లో పొట్టిరూపం) నవల మొత్తం ఇన్‌స్టంట్ మెసేజ్‌లలోనే నడుస్తుంది. ముగ్గురు పదో తరగతి స్నేహితురాళ్లు, పొట్టి మాటలు, అక్షరాల బొమ్మలు. పుస్తకాలను లైబ్రరీల నుంచి తీసేయమని వచ్చే ఫిర్యాదులపై అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ వేసే జాబితాలో ఈ సిరీస్ 2009లోనూ 2011లోనూ మొదటి స్థానంలో ఉంది. తమాషా ఏమిటంటే ఇందులో చాట్ ప్రమాదం కాదు. ఒకమ్మాయికి హద్దు మీరి దగ్గరయ్యేది ఆమె టీచరు, ఎదురుగా మనిషి రూపంలో ఉన్నవాడు. ఆమె జారిపోకుండా పట్టుకునేది చాట్‌లో ఉన్న స్నేహితురాళ్లు. తల్లిదండ్రులు పిల్లల నుంచి దూరం పెట్టాలని చూసింది ఆ పుస్తకాన్ని.

అలాగే బెకీ ఆల్బర్టాలీ 2015 నవలలో సైమన్ అనే అబ్బాయి, పేరు తెలియని మరో అబ్బాయితో మెయిల్స్‌లో ప్రేమలో పడతాడు. ఆ ప్రేమ నిజమైనదే, మంచిగానే ముగుస్తుంది. ప్రమాదం వచ్చేది ఆ మెయిల్స్‌ను స్క్రీన్‌షాట్ తీసి బెదిరించిన క్లాస్‌మేట్ నుంచి. ఇంట్లో, ఊళ్లో చెప్పుకోలేని విషయం ఉన్న పిల్లలకు తెరమీది స్నేహం ఊపిరి కూడా కాగలదని ఒప్పుకోకుండా దాని ప్రమాదాల గురించి రాస్తే ఆ పిల్లలు ఆ పుస్తకాన్ని నమ్మరు.

టెక్నాలజీతో ఈ నవలలకు ఎప్పుడూ పరుగు పందెమే. చాట్ సైటు, వెబ్‌క్యామ్, మైస్పేస్ అని రాస్తే మూడేళ్లలో పాతబడిపోతుంది. అందుకే కొందరు లేని సైట్ల పేర్లు కల్పిస్తారు. 2011లో లిట్‌మన్ నవల వచ్చింది, అదే ఏడు స్నాప్‌చాట్ కూడా మొదలైంది. చూడగానే మాయమయ్యే మెసేజ్‌లు రావడంతో ఈ కథలకు ఉన్న పెద్ద ఆధారం పోయింది. అంతకుముందు తల్లి కంప్యూటర్ తెరిస్తే చాట్ మొత్తం దొరికేది, నవలా రచయితకు అదే కీలక సన్నివేశం. ఇప్పుడు దొరకడానికి ఏమీ ఉండదు. అమ్మాయి తనంతట తాను చెబితే తప్ప కథ బయటికి రాదు.

ఇంకో పెద్ద మార్పు వేగం. 2022 నుంచి అమెరికా ఎఫ్‌బీఐ పదేపదే హెచ్చరిస్తున్న సెక్స్‌టార్షన్‌లో ఎక్కువగా చిక్కుతున్నది 14 నుంచి 17 ఏళ్ల అబ్బాయిలు. అమ్మాయి ప్రొఫైల్‌తో పలకరింపు, ఒక నగ్న ఫొటో మార్పిడి, వెంటనే డబ్బు కోసం బెదిరింపు. వారాల తరబడి బుజ్జగింపు ఏదీ ఉండదు, కొన్నిసార్లు గంటల్లోనే అయిపోతుంది. అవతల ప్రేమ నటించే ఓపిక కూడా ఎవరికీ లేదు, అదొక వ్యాపారం. నెమ్మదిగా దగ్గరయ్యే మోసగాడి మీద నిలబడిన పాత నవలా నిర్మాణం ఇక్కడ పనికిరాదు. ఒక్క రాత్రిలో జరిగే కథ కావాలి, అందులో నాయకుడు అబ్బాయి కావాలి. ‘మగపిల్లాడికేం భయం’ అనుకునే ఇళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. ఈ కోవ నవలల్లో ఇప్పటికీ ముఖచిత్రం మీద చీకటి గదిలో ఫోన్ వెలుగు పడిన అమ్మాయి మొహమే ఎక్కువగా కనిపిస్తుంది.

తెలుగులో ఈ వయసు పిల్లలకు అసలు పుస్తకాల అరే లేదు. ‘చందమామ’ పన్నెండు, పదమూడేళ్ల దాకా చేయి పట్టుకుని నడిపించేది. ఆ తరవాత పిల్లలు నేరుగా అమ్మ చదివే వారపత్రిక సీరియల్‌లోకి దూకేవాళ్లు, చాలాసార్లు దాచుకుని. మధ్యలో పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా ఖాళీ. ఆ ఖాళీని ఇప్పుడు ఇంగ్లీషు నవలలు, వాట్‌ప్యాడ్, ప్రతిలిపి లాంటి కథల యాప్‌లు, రీల్స్ పంచుకుంటున్నాయి. వెంటపడటమే ప్రేమ అని చెప్పే కథలు అక్కడ తక్కువేం కాదు. మన సినిమా హీరో అయితే కాలేజీ గేటు దగ్గర నుంచి ఇంటి గేటు దాకా వెంటపడి, చివరికి ఆ అమ్మాయి చేతే సారీ చెప్పించుకుంటాడు.

ఇంగ్లీషు నవలలను తెచ్చి తెలుగు పేర్లు పెడితే సరిపోదు, ఎందుకంటే ఇక్కడ అమ్మాయిని నోరు విప్పనివ్వని భయం వేరు. ఆబీ లాంటి పిల్లకు భయం ఫోన్ లాగేస్తారని, నెల రోజులు బయటికి పంపరని. ఇక్కడి అమ్మాయికి భయం చదువు మానిపిస్తారని, సంబంధాలు చూడటం మొదలుపెడతారని, నాన్న నలుగురిలో తలెత్తుకోలేడని. ఫొటో దగ్గర పెట్టుకున్నవాడికి ఇది బాగా తెలుసు. ‘మీ నాన్నకి పంపిస్తా’ అన్న మాట వాడి చేతిలో ఉన్న ఫొటో కంటే బలమైనది. అంటే బెదిరించేవాడికి సగం బలం ఇంటి పరువు నుంచే అందుతోంది. తెలుగులో ఈ కథ రాసేవాళ్లు ఆ సంగతి దాటేస్తే కథ మొత్తం పోలీసు స్టేషన్ చుట్టూ తిరుగుతుంది గాని హాల్లో టీవీ ముందు కూర్చున్న తండ్రి దగ్గరికి రాదు.

ఫోన్ చేతికొచ్చే వయసు కూడా ఇక్కడ వేరుగా ఉంటుంది. ఎన్నో రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ రెండేళ్లూ ఫోన్ ఉండదు. వారానికోసారి వార్డెన్ ఫోన్ నుంచి ఇంటికి మాట్లాడటమే. పరీక్షలు అయిపోగానే కానుకగా స్మార్ట్‌ఫోన్ వస్తుంది. రెండేళ్లు ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడని పదిహేడేళ్ల పిల్ల చేతిలో, మే నెల సెలవుల్లో, అడ్డూ అదుపూ లేకుండా. ఇంగ్లీషు నవలల్లో కొత్త స్కూలు మొదటి వారం ఎలాగో, తెలుగు నవలకు ఆ వేసవి అలాంటి చోటు.

చట్టం దగ్గర కూడా కథకు సరుకుంది. పిల్లలపై లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లంతా పిల్లలే. లైంగిక ఉద్దేశంతో ఫోన్ ద్వారానో నెట్ ద్వారానో పదేపదే వెంటపడటాన్ని కూడా పదకొండో సెక్షన్ వేధింపుగానే చూస్తుంది. అదే చట్టం, ఇద్దరు పదిహేడేళ్ల పిల్లలు ఇష్టపడి దగ్గరైనా అబ్బాయి మీద కేసుగా మారగలదు. ఇష్టంలేని ప్రేమను విడగొట్టడానికి పెద్దలు దాన్ని వాడుకోవడమూ కోర్టుల దాకా వచ్చిన విషయమే. నిజంగా వలలో పడిన పిల్లకూ, వయసు ప్రేమలో ఉన్న పిల్లకూ ఇంట్లో ఒకే తిట్లు, ఒకే సెక్షన్ ఎదురైతే ఇద్దరూ ఒకేలా దాచడం నేర్చుకుంటారు.

మూస నవలల్లో నమ్మకస్తురాలైన టీచర్ ఒకావిడ తప్పకుండా ఉంటుంది. అమ్మాయి ఆమెకు చెబుతుంది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంటుంది. తెలుగు నవలలో ఆ టీచర్ ఒట్టు వేయడానికి వీల్లేదు. పిల్లలపై నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు తెలియజేయాల్సిందేనని పోక్సో పందొమ్మిదో సెక్షన్ చెబుతుంది, చెప్పకపోతే శిక్ష కూడా ఉంది. మరోపక్క అమ్మాయి పేరు, ఫొటో, స్కూలు, గుర్తుపట్టే వివరం ఏదీ మీడియాలో రాకూడదని ఇరవై మూడో సెక్షన్ అంటుంది. ఆ పిల్ల అన్నిటికంటే భయపడుతున్నది దానికే, ఆ రక్షణ ఉందని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. స్టాఫ్‌రూమ్ బయట వరండాలో ఏడుస్తూ నిలబడిన విద్యార్థి ఎదుట ఆ టీచర్ ముందు ఏ మాట అంటుంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తుందా, పోలీసుల షీ టీమ్స్‌కు వాట్సాప్ పెడుతుందా, తల్లికి కబురు చేస్తుందా, తల్లి వస్తే తండ్రికి చెప్పొద్దని ఆ తల్లే బతిమాలితే ఏం చేస్తుంది? ఈ ఒక్క సాయంత్రానికే ఒక నవలకు సరిపడా కథ ఉంది. అందులో మోసగాడు ఒక్కసారి కూడా కనిపించనక్కర్లేదు.